ఫ్లాష్ ఆటలో వేగం బటన్ ఎప్పుడు వదలాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు రెండు ముక్కల్లో పెడతాను, తర్వాత చదివేవాళ్లకీ అర్థం కావాలి కదా. ఒంగోలులో చదువుకుంటున్నావు, నింటెండో వాళ్ల చేతి గేమ్ మెషీన్ గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో వచ్చిన, మెరుపు వేగంతో పరిగెత్తే సూపర్‌హీరో ఫ్లాష్ ఆట 'జస్టిస్ లీగ్ హీరోస్: ది ఫ్లాష్' దొరికింది, మొదటి రెండు మూడు లెవెల్స్ సరదాగా అయిపోయాయి. ఇప్పుడు నలుగురైదుగురు చుట్టుముట్టగానే చచ్చిపోతున్నావు. బాస్ దగ్గరికి, అంటే చివర్లో వచ్చే పెద్ద విలన్ దగ్గరికి చేరేసరికి, వేగం బటన్ నొక్కిన కొద్దీ తరిగిపోయే వేగం మీటర్ ఖాళీ, బొటనవేలు నొప్పి. "నా రిఫ్లెక్సులే స్లో అనుకుంటా అన్నా, వదిలేయనా?" అని రాశావు.

వదిలేయొద్దు. నీ రిఫ్లెక్సులకి ఏమీ కాలేదు. ఈ ఆట ఆడేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నేనూ ఆగాను. నెల్లూరు ట్రంక్ రోడ్డు దగ్గర సందులో మాది సెల్‌ఫోన్ల రిపేర్ షాపు, పాత గేమ్ మెషీన్లు కూడా బాగుచేస్తాను. మా మామయ్య 2007లో కువైట్ నుంచి వస్తూ మడతపెట్టే గేమ్‌బాయ్, అదే అడ్వాన్స్ ఎస్‌పీ అంటారే అది, దాంతోపాటు ఈ కాట్రిడ్జి తెచ్చిచ్చాడు. అప్పట్నుంచి ఎన్నిసార్లు పూర్తి చేశానో లెక్క లేదు. చేతిలో పట్టుకుని ఆడే చిన్న మెషీన్ మీద సూపర్ స్పీడ్‌ని ఇంత బాగా చేతికి తెలిసేలా చేసిన ఆటలు చాలా తక్కువ. అందుకే నువ్వు సగంలో వదిలేస్తానంటే ప్రాణం ఒప్పక ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక చిన్న లెక్క చెప్తాను. ఇది అర్థమైతే నీ తప్పు నీకే కనిపిస్తుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెర అడ్డంగా 240 చుక్కలు, నిలువుగా 160, అంతే. సెకనుకి దాదాపు 60 సార్లు బొమ్మ మారుతుంది. నీ హీరో తెర మధ్యలో ఉన్నాడనుకో, ముందు వైపు నీకు కనిపించేది 120 చుక్కలు. ఒక్కో బొమ్మకి 8 చుక్కల చొప్పున పరిగెడితే ఆ 120 చుక్కలూ 15 బొమ్మల్లో అయిపోతాయి, అంటే పావు సెకను. మనిషి కన్ను ఒకదాన్ని చూసి వేలు కదలడానికి కూడా ఇంచుమించు అదే పావు సెకను పడుతుంది, కాస్త చురుకైనవాడికి ఇంకొంచెం తక్కువ. అంటే తెర అంచున శత్రువు కనిపించిన క్షణంలో నువ్వు మొదలుపెట్టినా, నీ వేలు నొక్కేసరికి వాడు నీ మీద ఉంటాడు. ఇది నీకు మాత్రమే కాదు, ఎవరికైనా ఇంతే. చూసి స్పందించి గెలుద్దాం అనుకున్నవాడు ఆ వేగంలో ఓడిపోక తప్పదు.

మరి ఆట చేసినవాళ్లకి ఇది తెలియదా అంటే, బాగా తెలుసు. ఈ ఆట చేసింది వేఫార్వర్డ్ అనే కంపెనీ, వచ్చింది 2006లో. అప్పటికే గేమ్‌బాయ్ అడ్వాన్స్ వచ్చి ఐదేళ్లయింది, దాని పక్కన నింటెండో తర్వాతి చేతి మెషీన్ డీఎస్ కూడా వచ్చేసింది, అంటే ఆ మెషీన్ లోపల ఏ మూల ఏముందో చేసేవాళ్లకి కరతలామలకం అయిన రోజులు. వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, ఫ్లాష్‌ని ఊరికే వేగంగా పరిగెత్తించి వదిలేయలేదు, చుట్టూ ఉన్న లోకాన్ని నెమ్మది చేశారు. నువ్వు వేగం బటన్ నొక్కగానే శత్రువులు నీళ్లల్లో నడిచినట్టు కదులుతారు, చూశావా? అదీ విషయం. కామిక్స్‌లో కూడా ఫ్లాష్ సంగతి అంతే, కాళ్లు ఒక్కటే కాదు, కన్నూ ఆలోచనా కూడా వేగమే. 1940లో మొదటి ఫ్లాష్ జే గ్యారిక్ వచ్చినప్పట్నుంచీ, 1956లో పిడుగుపాటు తగిలి మారిన బ్యారీ ఆలెన్ వచ్చాక మరీనూ, ఆ పాత్ర గొప్పతనం తుపాకి గుండుని తీరిగ్గా చూసి పక్కకి తప్పుకోవడంలో ఉంది. ఆ తీరిక నీకు ఇవ్వడానికే ఆ బటన్ ఉంది. నువ్వేమో దాన్ని బండి యాక్సిలరేటర్ లాగా తొక్కి పట్టుకుంటున్నావు.

పోల్చి చూడాలంటే 2002లో వచ్చిన సోనిక్ అడ్వాన్స్ 2 ఆడి చూడు. అదీ ఈ మెషీన్ మీదదే, అందులో లోకం నెమ్మదించదు, నువ్వే దూసుకుపోతావు. అందుకే ఎక్కడ గొయ్యి ఉందో ముందే తెలియకపోతే పడిపోవడమే. నాకు ఆ ఆటా ఇష్టమే, కానీ దాన్ని గెలిపించేది జ్ఞాపకశక్తి, ఏ మలుపు దగ్గర ఏముందో బట్టీపట్టాలి. ఫ్లాష్ ఆటలో బట్టీ కంటే పొదుపు ముఖ్యం. రెండూ ఒకే రకం అనుకుని ఒకదాని అలవాటు ఇంకోదాంట్లో పెడితే దెబ్బతింటావు. నువ్వు ముందు సోనిక్ ఆడి ఇటు వచ్చావని రాశావు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

పొదుపు అంటే ఏంటో మా మేనల్లుడి దగ్గర జరిగింది చెప్తాను.

రెండేళ్ల కిందట వాణ్ణి తీసుకుని నెల్లూరు నుంచి ఒంగోలు వస్తున్నాం, విజయవాడ వెళ్లే పినాకినిలో. ఎడమ వైపు కిటికీ సీటు, పడమటి ఎండ నేరుగా తెర మీద పడుతుంటే వాడు ఒళ్లో టవల్ కప్పుకుని దాని కింద ఆడుతున్నాడు. పదకొండేళ్ల పిల్లాడు. తెర నాకు సరిగా కనిపించక వాడి చేతులు చూస్తూ కూర్చున్నా. బొటనవేలి గోరు కింద రక్తం పోయి తెల్లగా పాలిపోయింది. అంత గట్టిగా నొక్కి పట్టుకున్నాడు, ఒక్క క్షణం కూడా వదలడం లేదు. మీటర్ అయిపోతుంది, ఫ్లాష్ మామూలు మనిషి అయిపోతాడు, అప్పుడు కూడా వీడు నొక్కే ఉంటాడు, గుంపు మీద పడి కొడుతుంది, చస్తాడు, మళ్లీ మొదలు. పడుగుపాడు దాటినప్పట్నుంచి బిట్రగుంట దాకా అదే జరిగింది. చివరికి మెషీన్ నా ఒళ్లో పెట్టేసి కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, కళ్లల్లో నీళ్లు.

వాడు బళ్లో కబడ్డీ ఆడతాడు, రైడర్. అందుకని అడిగా, "ఒరేయ్, కూతకి వెళ్లినప్పుడు ఊపిరి మొత్తం అవతలి వైపే అయిపోతే ఏమవుతుంది?" అని. "అక్కడే పట్టేస్తారు మామా" అన్నాడు. "మరి ఎంత ఊపిరి ఉంచుకుని వెనక్కి తిరుగుతావు?" అంటే కాసేపు ఆలోచించి, "గీత దాకా వచ్చేంత ఉంచుకుంటా" అన్నాడు. అంతే నాయనా, ఆ మీటరే నీ కూత అని చెప్పి మెషీన్ మళ్లీ చేతికిచ్చా. వేగం బటన్ నొక్కినప్పుడల్లా నోటితో "చెడుగుడు చెడుగుడు" అని అనమన్నా, మూడుసార్లు అనేలోపు వదిలేయాలి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఇదేం పిల్లాడబ్బా అన్నట్టు చూశాడు, మేము పట్టించుకోలేదు. కావలి వచ్చేలోపు వాడు ఆ గుంపుని దాటేశాడు. ఉలవపాడు దగ్గర ఇంకో లెవెల్ కూడా అయింది.

నీకు చెప్పాల్సిన అసలు మాట ఇదే. వేగం అంటే నీ దగ్గరున్న ఊపిరి. వెళ్లేటప్పుడే వెనక్కి రావడానికి ఎంత మిగలాలో అనుకుని వెళ్లాలి. నొక్కడం అందరికీ వచ్చు, ఎప్పుడు వదలాలో తెలియడమే ఆట.

ఇక గుంపు సంగతి. నువ్వు రాసిన దాన్ని బట్టి చూస్తే, నలుగురు కనిపించగానే వేగం నొక్కి గుడ్డెద్దు చేలో పడ్డట్టు మధ్యలోకి పోతున్నావు. లోకం నెమ్మదించినా నీ వెనకున్నవాడు వెనకే ఉన్నాడు, మీటర్ అయిపోయిన మరుక్షణం వాడి దెబ్బ నీ వీపు మీద. అలా కాకుండా ముందు వేగం లేకుండానే ఒక వైపుకి జరుగు. అందరూ నీకు ఒకే వైపు, వరుసలో పడేలా చూసుకో. ఇది పక్కకి సాగే కొట్లాట ఆటలన్నిటికీ పనికొచ్చే పద్ధతే, ఫ్లాష్‌కి ఇంకా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే వరుసలో ఉన్నవాళ్లని ఒకడి మీద నుంచి ఇంకొకడి మీదికి ఆగకుండా తగులుకుంటూ పోవచ్చు, దిక్కు మార్చాల్సిన పని ఉండదు. ఒక్కడో ఇద్దరో ఉంటే వేగం అసలు ముట్టుకోవద్దు, మామూలు దెబ్బలతోనే పని కానివ్వు. ముగ్గురు దాటితేనే తీయి. అందులోనూ దూరం నుంచి కాల్చేవాడు ఎవడో ముందు వాడి దగ్గరికి పో, దగ్గరికొచ్చి కొట్టేవాడు ఎలాగూ నీ దగ్గరికే వస్తాడు.

దిక్కు మార్చడం అన్నానుగా, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చాలామంది మీటర్ పోగొట్టుకునేది అక్కడే. మీ ప్రకాశం జిల్లా కుర్రాడివి, బండలాగుడు పోటీలు చూసే ఉంటావు. దర్శి వైపు ఒకసారి తిరునాళ్లలో చూశాను నేను. ఇచ్చిన టైములో ఏ జత ఎక్కువ దూరం బండ లాగితే దానికి ప్రైజు కదా. నేను మొదట గిత్తల ఊపు చూస్తున్నా, పక్కనున్న రైతు "అది కాదబ్బాయ్, కొస దగ్గర చూడు" అన్నాడు. కోర్టు చివర తిప్పేటప్పుడు ఒక జత అడ్డంగా జరిగి, బండ మొరాయించి, తోలేవాళ్లు అరిచి, మళ్లీ ఊపు అందుకునేసరికి ఎంత సమయం పోయిందో. ఇంకో జత నేరుగా వచ్చేటప్పుడు అంత జోరుగా ఏమీ లేదు, కానీ తిప్పుడు దగ్గర మాత్రం పలుపు వదులు కాకుండానే తిరిగేసింది. ఆ జతే ఎక్కువ దూరం లాగింది. ఫ్లాష్‌కీ అంతే. ఎదురుగా దూసుకెళ్లడంలో నువ్వు పోగొట్టుకునేది ఏమీ లేదు. తిరిగేటప్పుడు శత్రువుని దాటేసి అవతలికి పోయి, మళ్లీ ఇటు తిరిగి, మళ్లీ దాటేసి, ఇలా అటూ ఇటూ ఊగిసలాడుతూ మీటర్ అంతా కరగబెడుతున్నావు. అందుకే తిరగాలనుకున్నప్పుడు ముందు వేగం వదిలెయ్, తిరుగు, తర్వాత మళ్లీ నొక్కు. మొదట్లో ఈ వదిలి నొక్కడం చేతికి రాదు, రెండు రోజులు ఆడితే అదే వస్తుంది.

మీటర్ మళ్లీ ఎలా నిండుతుందో నేను చెప్పేదానికంటే నువ్వే కనుక్కుంటే బాగా గుర్తుంటుంది. మొదటి లెవెల్‌కి వెళ్లు, అక్కడ నీకు భయం లేదు కదా. సగం మీటర్ ఖర్చు చేసి, ఒక్కడే శత్రువుని మిగిల్చుకుని, వాడికి దూరంగా నిలబడి మీటర్ వంక చూడు. తర్వాత వాణ్ణి మామూలు దెబ్బలు కొడుతూ చూడు. నిండే తీరు రెండు సందర్భాల్లోనూ పట్టుకో. ఏ వేగం ఆట అయినా నేను మొదట చేసే పని ఇదే, పది నిమిషాలు ఊరికే మీటర్‌ని గమనిస్తాను. హీరోని చూడను, శత్రువులనీ చూడను. ఆ పది నిమిషాలు తర్వాత పది గంటలు మిగులుస్తాయి.

బాస్ విషయంలో నువ్వు చేస్తున్న తప్పు ఇంకొకటి, వెళ్లీ వెళ్లగానే కొట్టడం. ఒక ప్రాణం పోయినా పర్వాలేదు అనుకుని వెళ్లు, మొదటిసారి ఒక్క దెబ్బ కూడా వేయకు. తప్పించుకుంటూ తిరుగు. ఎంత పెద్ద విలన్ అయినా కొట్టే ముందు ఏదో ఒక సైగ చేస్తాడు, చెయ్యి వెనక్కి లాగుతాడు, లేదా ఒక్క క్షణం ఆగుతాడు. ఆ సైగ నుంచి దెబ్బ పడే దాకా ఎంత సేపుందో మనసులో లెక్కపెట్టు. నీ వేగం వాడాల్సింది ఆ సైగ చూసిన తర్వాత, తప్పించుకోవడానికి. దెబ్బ గాల్లోకి పోయాక వాడు తేరుకునే లోపల నాలుగు వెయ్యి, మళ్లీ దూరం జరుగు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, వేగాన్ని కొట్టడానికి వాడి, తప్పించుకోవాల్సినప్పుడు మీటర్ లేక నిలబడిపోతారు. ఫ్లాష్ ఉండే హీరోల జట్టు జస్టిస్ లీగ్ నుంచి తోడుకి పిలుచుకునే హీరోలు ఉన్నారుగా, వాళ్లని కూడా దారిలో గుంపుల మీద ఖర్చు చేసేయకుండా ఇక్కడికి దాచుకో. సూపర్‌మ్యాన్ కనిపిస్తే ముచ్చటేస్తుంది, పిలవాలనిపిస్తుంది, నాకూ తెలుసు. అయినా దాచుకో.

నువ్వు దేని మీద ఆడుతున్నావో సరిగ్గా రాయలేదు, "ఒక్కోసారి ఫోన్‌లో కూడా" అని మాత్రం అన్నావు. ఇక్కడ కాస్త కచ్చితంగా ఉంటాను. ఈ రకం ఆటని ఫోన్ తెర మీద గీసిన బటన్లతో నేర్చుకోవద్దు. వేలికి బటన్ అంచు తగలదు, నొక్కానా లేదా అని తెలియక ఇంకా గట్టిగా నొక్కుతావు, వదలడం అసలే రాదు. మనం నేర్చుకోవాల్సింది వదలడమే అయినప్పుడు అది ఎదురు తిరిగిన పని. దానికితోడు తెర తాకినప్పటికీ బొమ్మ కదిలినప్పటికీ మధ్య కొంత ఆలస్యం ఉంటుంది, బ్లూటూత్ కంట్రోలర్ పెడితే ఇంకొంచెం. ముందు లెక్క చెప్పానుగా, మన దగ్గర మొత్తం ఉన్నదే పావు సెకను, అందులోంచి కోతపెడితే ఏం మిగులుతుంది? బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కూడా వద్దు, శబ్దం వెనకబడుతుంది, శబ్దం విని తప్పించుకునే చోట అది మోసం చేస్తుంది. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకో. అన్నట్టు, మడతపెట్టే ఎస్‌పీకి మామూలు ఇయర్‌ఫోన్ పెట్టే బొక్క ఉండదు, దానికి వేరే చిన్న జాయింటు ముక్క కావాలి, అది కొనే ముందే చూసుకో.

సేవ్ స్టేట్, అంటే ఫోన్‌లో ఆడేటప్పుడు ఆటని ఏ క్షణంలోనైనా దాచుకుని మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టే సౌకర్యం, వాడొచ్చా అని అడిగావు. బాస్ దగ్గర సైగలు నేర్చుకోవడానికి వాడుకో, తప్పు లేదు. కానీ గుంపు మధ్యలో రెండు సెకన్లకోసారి సేవ్ చేసుకుంటూ పోతే మీటర్ పొదుపు ఎప్పటికీ రాదు. లెవెల్ మొదట్లో ఒక్కసారి చేసుకో, చాలు. ఆటని రెండింతలు వేగంగా తిప్పే ఫాస్ట్ ఫార్వర్డ్ మాత్రం ఈ ఆటకి వద్దే వద్దు, లోకం నెమ్మదించడమే దీని ప్రాణం అయినప్పుడు దాన్ని చంపుకున్నట్టే.

నిజం మెషీన్ మీద ఆడాలనుకుంటే, 2001లో వచ్చిన మొదటి గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి తెర వెనక లైటు లేదు. రెండు పెన్సిల్ సెల్స్‌తో పదిహేను గంటల దాకా నడుస్తుంది, అది బాగానే ఉంటుంది కానీ, మన ఇళ్లల్లో సాయంత్రం ట్యూబ్‌లైటు కింద దాని మీద ఏమీ కనిపించదు, పైగా బొమ్మ వేగంగా జరిగినప్పుడు నీడలా సాగుతుంది. ఫ్లాష్ ఆటకి అది పెద్ద లోటు. 2003లో వచ్చిన ఎస్‌పీకి తెర ముందు వైపు నుంచి లైటు పడుతుంది, ఛార్జింగ్ బ్యాటరీ. దాంట్లోనే తర్వాత వచ్చిన రకానికి వెనక నుంచి లైటు ఉంటుంది, కింద స్టిక్కర్ మీద 101 అని చివర ఉంటే అది. దొరికితే వదలకు. డబ్బులు చూసుకోవాలనుకుంటే డీఎస్ లైట్ వెతుకు, దాని కింది వైపు స్లాట్‌లో ఈ కాట్రిడ్జి నేరుగా పడుతుంది, తెర వెలుగు కూడా బాగుంటుంది. డీఎస్ఐ కొనేవు, దాంట్లో ఆ స్లాట్ తీసేశారు.

కాట్రిడ్జి సంగతి కూడా ఒక మాట. ఇప్పుడు నకిలీలు ఎక్కువ. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు మూడు వేలు పోసి తెప్పించుకున్నది తీరా విప్పితే లోపల నల్లటి జిగురు చుక్క పెట్టిన డూప్లికేట్ బోర్డు, వాడి ముఖం చూడలేకపోయా. అసలుదైతే పిన్నుల దగ్గర సందులోంచి చూస్తే బోర్డు మీద నింటెండో అని కనిపిస్తుంది, ముందు లేబుల్‌ని వెలుతురులో వంచి చూస్తే చిన్న అంకెలు నొక్కినట్టు ఉంటాయి, వెనక స్క్రూ మూడు రెక్కలది. అమ్మేవాణ్ణి ఈ ఫోటోలన్నీ అడుగు, ఇవ్వనంటే వదిలెయ్. ఆట మధ్యలో ఆగిపోతుంటే అందరూ చేసే పని కాట్రిడ్జి తీసి నోటితో ఊదడం, దయచేసి ఊదకు, ఎంగిలి తడి పడి పిన్నులు నల్లబడతాయి. మనది అసలే సముద్రపు గాలి, మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్లల్లోంచి వచ్చే మెషీన్లలో సెల్ పెట్టే స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టి ఉంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా మెడికల్ షాపులోనో ఎలక్ట్రానిక్స్ షాపులోనో దొరుకుతుంది, ఇయర్‌బడ్‌కి కొంచెం తడిపి పిన్నుల మీద పొడుగ్గా తుడువు, ఐదు నిమిషాలు ఆరనిచ్చి పెట్టు. ఆడనప్పుడు సెల్స్ తీసి పక్కన పెట్టు.

నీ బటన్ గురించి కూడా ఒక అనుమానం ఉంది. వేగం బటన్ కొంచెం గట్టిగా నొక్కితే తప్ప పట్టడం లేదా? అలాగైతే తప్పు నీది కాదు, బటన్ కింద ఉండే నల్లటి రబ్బరు ప్యాడ్ అరిగిపోయి ఉంటుంది, లేదా దాని కింద బోర్డు మీద జిడ్డు చేరి ఉంటుంది. విప్పి తుడిస్తే సగం కేసులు బాగవుతాయి, లేదంటే ప్యాడ్ మార్చాలి, పెద్ద ఖర్చేం కాదు. చాలామందికి ఇది తెలియక ఏళ్ల తరబడి గట్టిగా నొక్కి నొక్కి బొటనవేలు కీలు పాడుచేసుకుంటున్నారు. నొప్పి వచ్చాక కూడా ఆడకు. వేలు ఎర్రబడినా, మణికట్టు దాకా లాగుతున్నా ఆ రోజుకి ఆపేయ్. నాకు ఒకప్పుడు అలా వచ్చి నెల రోజులు స్క్రూడ్రైవర్ పట్టుకోలేకపోయాను, షాపు పని మీద పడింది. బటన్‌ని వేలి కొసతో పొడవకుండా వేలి మెత్తటి భాగం ఆనించి పెట్టుకో, వదలడానికి వేలు ఎత్తాల్సిన పని లేకుండా బరువు తీసేస్తే చాలు. మా మేనల్లుడి గోరు ఇప్పుడు తెల్లబడదు, అదే నాకు గుర్తు, తెర చూడకుండానే వాడు బాగా ఆడుతున్నాడో లేదో వేలు చూసి చెప్పేస్తాను.

ఒక సందేహం ఎవరైనా అడుగుతారు, ఇంత పొదుపు చేస్తూ ఆడితే ఇంక ఫ్లాష్ ఎందుకు, నడిచే హీరోనే పెట్టుకోవచ్చుగా అని. ఆడి చూస్తే తెలుస్తుంది. బటన్ ఎప్పుడూ నొక్కి పట్టుకున్నప్పుడు వేగం కాసేపటికి మామూలైపోతుంది, కంటికి ఆనదు. వదిలి, మామూలు లోకంలో రెండు దెబ్బలు తిని, ఊపిరి బిగబట్టి, సరిగ్గా ఐదుగురు వరుసలో పడిన క్షణంలో నొక్కినప్పుడు వాళ్లందరూ గాల్లో చేతులెత్తి ఆగిపోయినట్టు కనిపిస్తారు, నువ్వొక్కడివే ఆ మధ్యలోంచి పోతావు, వదలగానే ఐదుగురూ ఒకేసారి కూలతారు. చిన్నప్పుడు కామిక్ బొమ్మల్లో ఎరుపు గీతలా సాగిన ఆ పరుగుని చూసి నేను ఊహించుకున్నది అదే, అది నా చేతుల్లో మొదటిసారి జరిగిన రాత్రి మా మిద్దె మీద దోమతెరలో కూర్చుని ఉన్నా, కేకపెడితే కింద మా నాయన లేచాడు.

ఈ రాత్రి ఒక్క పని చేయి. నువ్వు చచ్చిపోతున్న ఆ గుంపు దగ్గరికే వెళ్లు, గెలవాలని చూడకు. మూడు "చెడుగుడు"ల లోపు వదలడం ఒక్కటే చూడు, తిరిగే ముందు వదలడం చూడు. పదిసార్లు చచ్చినా ఫరవాలేదు. తర్వాత ఆ గుంపు అయిపోయిన క్షణంలో మీటర్ ఎంత మిగిలిందో, నువ్వు ఆడే మెషీన్ ఏదో ఇక్కడే కింద రాయి. సగం దాకా మిగిలిందంటే బాస్ దగ్గర ఏ సైగకి ఎంత సేపుందో నా లెక్కలు చెప్తాను, కలిపి చూసుకుందాం. బటనే పట్టడం లేదంటే మాత్రం నెల్లూరు వచ్చినప్పుడు మెషీన్ తీసుకుని షాపుకి రా, నీ ముందే విప్పి చూపిస్తాను.